ఆపి మజ్జిగ పోసే దారి

తలా మెల్లూల్,
మార్చి 4

తావుస్‌కి,

మీ జుహర్ వదిన రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, నా నిద్ర తప్ప. ఫోన్ చెయ్యొచ్చు కదా, ఈ కాగితాలెందుకు అంటావు. నా చెవి సంగతి నీకు తెలుసు. ఫోన్లో మాట్లాడాలంటే అరవాలి, అరిస్తే వాకిలంతా వింటుంది. వినకూడనిది ఒక్కతే, అది ముందు వింటుంది. అందుకే వ్యాను బెలైద్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ముసలితనంలో అక్షరాల బడికి వెళ్ళి మనిద్దరం పక్కపక్కన కూర్చుని నేర్చుకున్న రాత ఇన్నాళ్ళకి పనికొచ్చింది. తప్పులుంటే నవ్వుకో, ఎవరికీ చూపించకు.

సంగతి తిజిరిది. మా అబ్బాయి రెండో కూతురు, పందొమ్మిది నిండాయి. అక్బూలో మందుల షాపులో ఒక పూట పని. మిగతా పూట సైకిలు. మీ ఆయన ఆలివ్ బుట్టలు మోసిన సైకిలు లాంటిది కాదు. టైర్లు నా గాజులంత మందం ఉంటాయి, సీటు చూస్తే కత్తి అంచులా ఉంటుంది. దాని మీద ఎలా కూర్చుంటుందో ఆ దేవుడికే తెలియాలి. అక్బూలో హమ్లావి అని ఒక కోచ్ ఉన్నాడు. ఏప్రిల్ ఆఖర్లో ఆడపిల్లలకి పోటీ పెడతాడట. ముందొచ్చిన ముగ్గురిని జిల్లా జట్టులోకి తీసుకుని బెజాయా పట్నంలో హాస్టల్లో పెడతారట. ఈ పిల్ల అన్నం నీళ్ళు మాని అదే ధ్యాస.

పెద్ద రోడ్డు మీద ఓడరేవు లారీలు తిరుగుతాయి. నా నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను, ఆ రోడ్డెక్కనని. అందుకని పాత దారిన వెళ్తోంది. మా ఆలివ్ తోటల్లోంచి మెలికలు తిరుగుతూ దిగి, వాగు వంతెన దాటి, మీ ఇంటి ముందు నుంచి సుమ్మామ్ నది వెంట రైలు గేటు దాకా, అక్కణ్ణించి ఎదురు కొండ మీది దర్గా దాకా ఎక్కి మళ్ళీ వెనక్కి. అరవై కిలోమీటర్లు. ఆ దారి అంటే దానికి ప్రాణం. ఎవరూ ఉండరు నానమ్మా, నీళ్ళ చప్పుడూ పిట్టలూ తప్ప అంటుంది. ఎవరూ ఉండకపోవడమే కదా నా భయం. పడితే లేపేదెవరు? క్వారీ దగ్గర కుక్కలున్నాయి. వాన పడితే కొండ మీంచి రాళ్ళు దొర్లుతాయి. రైలు గేటు వాడు సగం రోజులు నిద్రలోనే ఉంటాడు.

మంగళవారం సాయంత్రం, శుక్ర శనివారాలు పొద్దున్నే వస్తుంది. నువ్వు వాకిట్లో నిలబడి ఒక్క కన్ను వేసి ఉంచు. వెళ్ళింది, కాళ్ళూ చేతులూ ఉన్నాయి అని ఒక్క ముక్క రాస్తే చాలు. నేనడిగానని దానికి మాత్రం తెలియకూడదు.

మీ వదిన
జుహర్


ఇఘ్జర్,
మార్చి 9

వదినా,

నీ మనవరాలికి కాళ్ళూ చేతులూ ఉన్నాయి. లెక్క పెట్టి చూశాను.

శుక్రవారం కోళ్ళకి మేత వేసి రోడ్డు మీదికి వచ్చేసరికి వంతెన వైపు నుంచి ఏదో ఈల వేసినట్టు చప్పుడు. చూస్తే అదే. నన్ను దాటిపోయేదే, రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను కాబట్టి ఆగింది. ఒంటికి అంటుకుపోయిన బట్టలు, పాము కుబుసంలా ఉన్నాయి. కంగారు పడకు, మెడ నుంచి మడమ దాకా కప్పే ఉన్నాయి. తావుస్ నానమ్మా, నేను తొందరగా వెళ్ళాలి అంది. వెళ్దువుగాని కూర్చోమన్నాను. మా అన్న మనవరాలు నా గడప ముందు నుంచి ఏమీ తినకుండా పోతే రేపు ఈ ఊళ్ళో నేను తలెత్తుకోవాలా వద్దా? వేడి రొట్టె, కొత్త ఆలివ్ నూనె, ఒక గిన్నెడు మజ్జిగ. తింటున్నంతసేపూ మణికట్టు కేసి చూసుకుంటూనే ఉంది. అక్కడేముందో.

నువ్వు ఒక కన్ను అడిగావు, నేను మూడు జతలు ఏర్పాటు చేశాను. రైలు గేటు దగ్గర కెల్తూమాకి చెప్పాను. దర్గా దగ్గర ఆవుని కట్టేసుకుని ఉంటుందే సెకూరా, ఆమెకీ చెప్పాను. ఇక ఆ పిల్ల ఈ లోయలో తుమ్మినా నీకు కబురొస్తుంది. హాయిగా పడుకో.

నీ ఆడపడుచు
తావుస్


తలా మెల్లూల్,
మార్చి 20

తావుస్‌కి,

నీ ఉత్తరాలు రెండూ అందాయి, కెల్తూమా, సెకూరా కూడా పిల్లని ఆపి పెడుతున్నారని రాసిందీ చదివాను. నీ నోరు బంగారం కాను, నిద్ర పట్టింది. కానీ మజ్జిగ మరీ చల్లగా ఇవ్వకు, చెమట మీద తాగితే గొంతు పట్టేస్తుంది. కెల్తూమాకి చెప్పు, గుడ్లు ఉడకబెట్టి ఇస్తే బలం. బెలైద్ చేతికి రెండు దండలు ఎండు అంజూరాలు పంపుతున్నాను, నీకొకటి, వాళ్ళిద్దరికీ ఒకటి. పిల్ల వచ్చినప్పుడు ముందు అవి పెట్టండి.

ఈ మధ్య గంట ఆలస్యంగా ఇల్లు చేరుతోంది. మొహం వేలాడేసుకుని వచ్చి సైకిలు గోడకి ఆనించి మాట్లాడకుండా పడుకుంటుంది. ఏమే అంటే ఏం లేదంటుంది. దాని అక్కతో చెబుతుంటే విన్నాను, చెవి అంత పోలేదులే. ఫిబ్రవరి కంటే ఇప్పుడు నెమ్మదిగా వెళ్తున్నావని కోచ్ అన్నాడట. అదేమంత పెద్ద విషయం. నెమ్మదిగా వెళ్తే పడదు కదా.

నా మోకాలు మామూలే. ఆకాశం పడమటి వైపు నల్లగా ఉంది. ఆ వాగు వంతెన ఏ కాలం నాటిది? నిలుస్తుందా?

జుహర్


ఇఘ్జర్,
ఏప్రిల్ 2

వదినా,

వంతెన మనందరినీ పూడ్చిపెట్టి కూడా నిలుస్తుంది. వంతెన గురించి కాదు, నేను రాసేది వేరు.

ముగ్గురితో మొదలైంది ఏడిళ్ళయింది. కెల్తూమా నూనెలో స్ఫెంజ్ గారెలు వేసి పెట్టింది. ఆ వాసన వంతెన కింది ఇళ్ళ వాళ్ళకి తగిలింది. వాళ్ళొచ్చి నా మీద పడ్డారు. మా ఇంటి ముందు ఆగదే, మేమేం పరాయి వాళ్ళమా, మా చేతి వంట తినరానిదా అని. ఏం చెప్పను? మీరూ పెట్టండి అన్నాను. ఇప్పుడు మీ పిల్ల ఒక మెలిక తిరిగితే ఒక గిన్నె. దర్గా ఎక్కేటప్పుడు చూశానంటుంది సెకూరా, బలిసిన బాతు కొండెక్కినట్టుందట.

నేనూ నవ్వాను. మొన్న మంగళవారం దాకా.

ఆ రోజు వచ్చి, నేను చెయ్యెత్తకముందే తనే ఆగింది. రొట్టె అందుకుంది. తావుస్ నానమ్మా, నన్ను ఆపమని మీకు ఎవరు చెప్పారు అని అడిగింది. నేను మజ్జిగ కలుపుతూ ఉండిపోయాను. అప్పుడు ఏడ్చింది వదినా. శబ్దం లేకుండా, తింటూనే. కళ్ళు తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేసి, మీ చెయ్యి చల్లగా ఉండాలి అని చెప్పి మరీ వెళ్ళింది. మర్యాద బాగా నేర్పావు, ఒప్పుకుంటాను. ఆ మర్యాదే దాని కాళ్ళకి బంధమైంది. పెద్దవాళ్ళు పెట్టింది వద్దని తోసేసి పోవడం దానికి చేతకాదు. అది నీకూ తెలుసు.

అందుకే అడుగుతున్నాను, నిజం చెప్పు. అది ఆలస్యమవుతోందని తెలిశాకే కదా నువ్వు ఆ అంజూరాలు పంపింది?

తావుస్


తలా మెల్లూల్,
ఏప్రిల్ 5

తావుస్‌కి,

ఇక్కడ అందరం క్షేమం. నల్ల మేక ఈనింది, రెండు పిల్లలు. ఒకటి నిలబడటం లేదు, దాని గురించే దిగులు. బార్లీ బాగానే ఉంది, వడగళ్ళు పడకపోతే. మీ పెద్దోడి నడుం నొప్పికి థైమ్ ఆకు కాచి కాపడం పెట్టు.

నువ్వు అడిగినదానికి తీరిగ్గా రాద్దామంటే బెలైద్ హారన్ కొడుతున్నాడు.

జుహర్


ఇఘ్జర్,
ఏప్రిల్ 6

వదినా,

బెలైద్‌ని అడిగాను. మీ వాకిట్లో కూర్చుని రెండు గ్లాసుల టీ తాగాడట, ఏ హారనూ కొట్టలేదట. మేకపిల్ల లేచి నిలబడే ఉంటుందిలే. జవాబు రాయి.

తావుస్


తలా మెల్లూల్,
ఏప్రిల్ 13

తావుస్‌కి,

మొదటి ఉత్తరం రాసినప్పుడు నిజంగా లారీల భయమే. కుక్కల భయమే. దేవుడి మీద ఒట్టు.

తర్వాత ఒక రోజు అది గంటన్నర ఆలస్యంగా వచ్చి, ఇక నా వల్ల కాదేమో నానమ్మా అంది. నేను దాని తల నిమిరాను. ఆ రాత్రి నాకు ఎంత బాగా నిద్ర పట్టిందో తెలుసా. పొద్దున లేచాక నా మీద నాకే భయమేసింది. కానీ అంజూరాలు దండ గుచ్చడం ఆపలేదు. అదీ జవాబు.

ఇది నాలుగేళ్ళప్పటి నుంచీ నా గదిలోనే పడుకుంటుంది. నా సూదిలో దారం అదే ఎక్కిస్తుంది. నా మోకాలికి నూనె వేడి చేసేది అదే. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు ఏ మలుపు దగ్గర ఏం చూసిందో చెబుతుంది. నది ఒడ్డున ఎర్ర గన్నేరు పూసిందని, పొగమంచులోంచి జుర్జురా కొండ తెల్లగా కనిపించిందని. నేను గడప దాటి చూడనివన్నీ దాని నోటి మీదుగానే చూశాను. బెజాయా హాస్టలుకి పోతే ఎవరు చెబుతారు? ఈ మాట దానితో అంటే తప్పకుండా ఉండిపోతుంది. అందుకే అనలేదు. అనకుండా మీ చేత మజ్జిగ పోయించాను. ఏది ఎక్కువ తప్పో నాకు తేల్చుకునే చదువు లేదు.

ఇప్పుడు కొత్త సంగతి. కోచ్ హమ్లావి తనే ఒకసారి ఆ పాత దారిన వెళ్ళి చూశాడట. బండి లేదు, పొగ లేదు, ఇంతకంటే మంచి దారి దొరకదు అని పోటీ అక్కడే పెట్టాడు. ఏప్రిల్ 26, శనివారం. మీ నూనె గానుగ ముందు మొదలు, మళ్ళీ అక్కడికే రావాలి. తావుస్, ఏడిళ్ళకీ నువ్వే వెళ్ళి చెప్పు. జుహర్ మనవరాల్ని ఆ రోజు ఎవరూ ఆపకూడదు. ఒక్క చుక్క పొయ్యకూడదు. నేను అడిగానని చెప్పు, పరవాలేదు.

జుహర్


ఇఘ్జర్,
ఏప్రిల్ 27

వదినా,

నువ్వు చెప్పినట్టే చెప్పాను. వాళ్ళు అక్షరం పొల్లుపోకుండా విన్నారు. జుహర్ మనవరాల్ని ఎవరూ ఆపలేదు.

మిగతా తొమ్మిది మందినీ ఆపారు.

తప్పు నాదే. నాకు తట్టలేదు. ఆ పిల్లలు బెజాయా నుంచి, ఖెర్రాటా నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మన పిల్లని వదిలెయ్యొచ్చు, ఇంటి పిల్ల. పరాయి ఊరి నుంచి వచ్చిన వాళ్ళు మన గడపల ముందు నుంచి చెమటలు కక్కుతూ పోతుంటే చూస్తూ నిలబడమని ఎవరు చెప్పగలరు? వంతెన కింది వాళ్ళు పళ్ళేలు పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డారట. కెల్తూమా గారెల బుట్టతో రైలు గేటు ముందు. గేటు వేసి ఉంది. రైలు మాత్రం రాలేదు. సెకూరా తన ఆవుని దారికి అడ్డంగా తోలింది, దానంతటదే వెళ్ళిందని ఇప్పుడంటోంది. బెజాయా పిల్ల ఒకతి, అమ్మా ఇది పోటీ అని బతిమాలిందట. అలాగే తల్లీ, తిని పోటీ పడు అందట సెకూరా. వెనకాల మోటారు సైకిలు మీద కోచ్ వచ్చాడు. ఆయన్నీ కూర్చోబెట్టారు.

నేను గానుగ దగ్గర చూస్తున్నాను. తిజిరి వచ్చింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. సైకిలు దిగి వెనక్కి చూసింది. ఎవరూ లేరు. పది నిమిషాలు చూసింది. అరగంట తర్వాత ఒక్కొక్కరే వచ్చారు, పొట్టలు పట్టుకుని. చివర కోచ్, మీసాల మీద మజ్జిగతో.

ఆయన ఏమనేవాడో తెలియదు. ఆయన నోరు తెరవకముందే నీ మనవరాలు వెళ్ళి, సార్ ఇది లెక్కలోకి రాదు, మళ్ళీ పెట్టండి అంది. మళ్ళీ పెడితే ఓడిపోవచ్చు అన్నాడాయన. ఓడిపోతే ఓడిపోతాను అంది. పక్కన ఉన్న నేను వద్దని దాని చెయ్యి గిల్లాను కూడా, దాచుకోవడం ఎందుకు. చెయ్యి లాగేసుకుంది.

మే 10, శనివారం మళ్ళీ పోటీ. దారి ఖాళీగా ఉండాలట, లేకపోతే ఎత్తి పెద్ద రోడ్డు మీద పెడతాడట. ఎవరైనా పిల్లల్ని ముట్టుకున్నా, ఏదైనా చేతికిచ్చినా ఆ పిల్ల బయటికే. ఈ పెద్దమ్మలకి బాధ్యులెవరు అని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. నేను నీ పేరు చెప్పాను.

తావుస్


తలా మెల్లూల్,
మే 2

తావుస్‌కి,

నా పేరు చెప్పి మంచి పని చేశావు. వెటకారం కాదు.

రెండు రోజులు అది నాతో మాట్లాడలేదు. మూడో రోజు బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఉత్తరాలు, అంజూరాలు, నాకు బాగా నిద్ర పట్టిన రాత్రి కూడా. అది దుంపలు చెక్కుతూనే ఉంది. ఆ గిన్నెడూ అయ్యాక అంది, "నన్ను ఆపాలనుకుంటే నువ్వే ఆపు నానమ్మా. ఊరి వాళ్ళ చేత మజ్జిగ పోయించకు." అంతే. లేచి వెళ్ళి దుంపలు కడిగింది.

అందుకని ఒకటి అనుకున్నాను. పెట్టొద్దని చెబితే మన వాళ్ళు వినరు, వినలేరు. పెట్టే చోటు మార్చాలి. శుక్రవారమే నేను బెలైద్ వ్యానులో వస్తాను. శనివారం పొద్దున్నుంచీ ఆ దారిలోని ఆడవాళ్ళందరూ మీ లోపలి వాకిట్లో ఉండాలి. గోధుమ రవ్వ తడిపి కుస్కుసు నలుద్దాం, పోటీ అయ్యాక పదిమంది పిల్లలకీ, కోచ్‌కీ, చూడ్డానికొచ్చిన వాళ్ళకీ అందరికీ పెడదాం. చేతినిండా పిండి ఉంటే రోడ్డు మీదికి ఎవరూ పరిగెత్తరు. వాకిలి తలుపు దగ్గర నువ్వు కూర్చో. సెకూరా ఆవుని కూడా తీసుకు రమ్మను.

రోడ్డు మీద నేను ఉంటాను. గానుగకి ముందు ఆఖరి మలుపు దగ్గర. ఇంకెవరినీ నమ్మలేను.

వాన వస్తే ఎలా? అన్నిటికీ గొడుగులు చాలవు.

జుహర్


ఇఘ్జర్,
మే 5

వదినా,

పెద్ద జల్లెళ్ళు నాలుగు దొరికాయి. శనగలు నానబోస్తాను. పెట్టేది తగ్గదు, చోటే మారుతుంది అనగానే అందరూ ఒప్పుకున్నారు. ఆవు మాత్రం రాదట, అలిగింది.

మమ్మల్నందరినీ నువ్వు కాపలా కాస్తావు సరే. ఆ మలుపు దగ్గర నిన్నెవరు కాస్తారు?

తావుస్


తలా మెల్లూల్,
మే 14

తావుస్‌కి,

బెలైద్ భద్రంగా దించాడు. దారిలో క్వారీ కుక్కల్ని చూశాను. రెండే ఉన్నాయి, ముసలివి. ఇన్నాళ్ళూ వాటికా నేను భయపడింది.

ఆ దారి బాగుంది తావుస్. వ్యాను కిటికీలోంచి అంతా చూశాను. అది చెప్పినట్టే ఉంది, గన్నేరు మాత్రం అది చెప్పినదానికంటే ఎరుపు.

నలభై మంది ఆడవాళ్ళని తలుపు వేసి ఆపావు. కెల్తూమా గోడ ఎక్కబోతే కొంగు పట్టుకుని లాగావట, సెకూరా చెప్పింది. ఆ పిల్లలు తిన్న తీరు చూస్తే కడుపు నిండింది. తిజిరి మూడోదిగా వచ్చిందని, ముగ్గురిలో దానికి చోటు దొరికిందని నువ్వు నన్ను కావలించుకుని ఏడ్చావు. ముందున్న పిల్ల మూడోది ఎలా అయింది, దాని చేతులు మోచేతుల దాకా నల్లగా ఎందుకున్నాయి అని అడిగావు. తర్వాత చెబుతానన్నాను. నలుగురిలో చెప్పేది కాదు.

మలుపు దగ్గర నేను ఒక్కదాన్నే. ఎండ ఎక్కింది. ముందు అదే వచ్చింది, దాని వెనక కనుచూపు మేరలో ఎవరూ లేరు. నన్ను చూసింది, నవ్వబోయింది. సరిగ్గా అప్పుడే చక్రం దగ్గర ఏదో టపామంది. గొలుసు జారి వేలాడింది. దిగింది. నాకూ దానికీ మధ్య నువ్వు గడప మీంచి చెయ్యి చాపితే అందేంత దూరం. గొలుసు ఎక్కించబోతే నూనె జిడ్డుకి జారిపోతోంది. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఇంకో చేత్తో ఆ చేతిని పట్టుకుని ఆపాను.

ఆకుపచ్చ చొక్కా పిల్ల ఒకతి దాటిపోయింది. అది తల ఎత్తలేదు. ఇంకొకతి దాటింది. అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. "అక్కడే ఉండు నానమ్మా" అంది. ఉన్నానే అన్నాను. మూడో పిల్ల చక్రాల చప్పుడు మలుపు అవతల వినిపిస్తోంది, నాకు కూడా వినిపించింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే అది నాతోనే ఉండిపోయేది. నేను దగ్గరికి వెళ్ళి దాని భుజం మీద చెయ్యి వేసినా చాలు, బయటికే. ఎవరూ చూసేవాళ్ళు లేరు. ముసలిది, మనవరాల్ని చూసి ఆగలేకపోయింది అనేవాళ్ళు. అడుగు కదపలేదు, గొలుసు ఎక్కింది, అది వెళ్ళిపోయింది.

ఆదివారం అది బెజాయా వెళ్తోంది. పెట్టె సర్దుతోంది. వాళ్ళ హాస్టలు మూడో అంతస్తట, కిటికీలకి ఊచలున్నాయో లేదో అడిగితే నవ్వుతోంది. దుప్పట్లు రెండు పెట్టాను, మూడోది దానికి కనపడకుండా అడుగున పెట్టాను.

నువ్వు చదివాక ఈ కాగితం పొయ్యిలో పెట్టు. గొలుసు జారినప్పుడు నా మనసులోకి ముందొచ్చిన మాట అమ్మయ్య అని. అది ఎవరికీ వినపడలేదు. దాని వెనకాలే రెండో మాట వచ్చింది, అది నోటితోనే అన్నాను. నా చెవికే వినపడేంత గట్టిగా అన్నాను. తొందరగా ఎక్కించవే తల్లీ, ఇంకా ఇద్దరే దాటారు అని.

మీ వదిన
జుహర్